ల్యాబులో కల్చర్ ఒలికితే ఏం చేయాలి: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

బయాలజీ ల్యాబులో కొత్తవాళ్లకు పని నేర్పడం మొదలుపెట్టాక ఒకటి అర్థమైంది, బ్యాచ్‌లు మారతాయి గానీ అడిగే ప్రశ్నలు మారవు. "బ్లీచ్ ఎంత కలపాలి?", "ఆల్కహాల్ కొట్టి తుడిచేస్తే చాలదా?", "రెండు చుక్కలే కదా?" అంటూనే ఉంటారు. అన్నీ ఒకచోట రాసిపెడితే నాకూ నోరు నొప్పి తగ్గుతుంది, మీరూ కావాల్సిన చోటికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. ఏ జవాబుకా జవాబు విడిగా అర్థం కావాలని కొన్ని మాటలు రెండుసార్లు చెప్పాను, విసుక్కోకండి.

ఇదంతా కల్చర్లు (ల్యాబులో పెంచిన క్రిములు, కణాలు) వాడే బీఎస్ఎల్-1, బీఎస్ఎల్-2 స్థాయి ల్యాబుల సంగతి (బీఎస్ఎల్ అంటే బయోసేఫ్టీ లెవెల్, ప్రమాదం పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంది). అంతకు పైస్థాయి ల్యాబులకు వేరే శిక్షణ ఉంటుంది, అక్కడ ఇది చదివి పని చేయకండి. మీ ల్యాబు గోడ మీద రాసిపెట్టిన పద్ధతి ఉంటే ఎప్పుడూ దాని మాటే నెగ్గాలి.

## ఏమీ ఒలకకముందు

క్లీనింగ్, డిస్ఇన్ఫెక్షన్, స్టెరిలైజేషన్ మూడూ ఒకటే కదా?

కాదు. క్లీనింగ్ అంటే మురికి తీసేయడం, క్రిములు చచ్చాయా లేదా అన్నది దానికి పట్టదు. డిస్ఇన్ఫెక్షన్‌తో రోగం తెచ్చే క్రిముల్లో చాలావరకు చస్తాయి, కానీ బ్యాక్టీరియా స్పోర్లు (గట్టి పెంకు కట్టుకుని నిద్రపోయే రూపం) మిగిలిపోవచ్చు. స్టెరిలైజేషన్ అయితే స్పోర్లతో సహా ఏదీ మిగలకూడదు. "టేబుల్ స్టెరిలైజ్ చేశాను సార్" అని రోజూ వింటుంటాను. టేబుల్‌ని ఎవరూ స్టెరిలైజ్ చేయలేరు, ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిముల్ని చంపే మెషిన్) పట్టదు కాబట్టి.

బ్లీచ్ ఎన్ని నీళ్లలో కలపాలి? ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతున్నారు.

ఎవరి సీసాని బట్టి వాళ్లు చెబుతారు, అందుకే తేడా. ముందు లేబుల్ మీద సోడియం హైపోక్లోరైట్ ఎంత శాతమో చూడండి. 5 శాతం అంటే క్లోరిన్ సుమారు 50,000 పీపీఎం (పది లక్షల వంతుల్లో 50,000 వంతులు). అందులో 100 మి.లీ. తీసి 900 మి.లీ. నీళ్లు కలిపితే 5,000 పీపీఎం వస్తుంది, ఒలికిన కల్చర్‌కూ రక్తానికీ ఇదే వాడాలి. రోజూ బెంచీలు తుడవడానికైతే 1,000 పీపీఎం చాలు, అంటే 20 మి.లీ. బ్లీచ్‌కు 980 మి.లీ. నీళ్లు.

సీసా వేరే శాతంలో ఉంటే కావాల్సిన పీపీఎంని సీసాలో ఉన్న పీపీఎంతో భాగించండి. ఉదాహరణకు 4 శాతం సీసా ఉంది, 5,000 కావాలి: 5,000ని 40,000తో భాగిస్తే ఎనిమిదో వంతు, అంటే లీటరు ద్రావణానికి 125 మి.లీ. ఈ లెక్క ఒక్కసారి చేసి ఆ సీసా మీదే మార్కర్‌తో రాసేయండి. కంగారులో భాగహారాలు ఎవరికీ రావు.

నిన్న కలిపిన బ్లీచ్ ఇవాళ వాడొచ్చా?

స్పిల్ (ఒలికినది) మీద పోయడానికైతే వద్దు, ఏ రోజుది ఆ రోజే కలుపుకోండి. పలుచన చేసిన బ్లీచ్ వెలుతురుకీ వేడికీ త్వరగా బలం పోగొట్టుకుంటుంది, మూత తీసి ఉంచితే ఇంకా త్వరగా. కిటికీ పక్కన తెల్లటి ప్లాస్టిక్ స్ప్రే సీసాలో వారం రోజులుగా ఉన్నదాన్ని నమ్ముకోవద్దు. వాసన వస్తోంది కదా అంటారు, వాసన చాలా తక్కువ క్లోరిన్‌కే వస్తుంది, అది కొలత కాదు. నీళ్లు కలపని సీసా కూడా నెలలు గడిచేకొద్దీ బలహీనపడుతుంది కాబట్టి తయారీ తేదీ చూడండి.

ఆల్కహాల్ 70 శాతమే ఎందుకు? 95 శాతం ఇంకా గట్టిది కదా?

గట్టిదే గానీ పని తక్కువ చేస్తుంది. ఆల్కహాల్ క్రిమిలోని ప్రోటీన్లను గడ్డకట్టించి చంపుతుంది, ఆ పని జరగాలంటే నీళ్లుండాలి. 95 శాతంలో నీళ్లు మరీ తక్కువ, పైపొర వెంటనే గడ్డకట్టి లోపలికి పోనివ్వదు, పైగా చూస్తుండగానే ఆరిపోతుంది. 95 శాతం నుంచి 70 చేయాలంటే 737 మి.లీ. కొలిచి నీళ్లతో లీటరు గీత దాకా నింపండి. 700 మి.లీ. పోసి 300 నీళ్లు కలిపితే 66 శాతం దగ్గర ఆగుతుంది, ల్యాబుల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే.

ఏ క్రిమికి ఏ మందు? ఒక్కటే కొనుక్కుని అన్నిటికీ వాడొచ్చా?

ఒక్కటే కొనాలంటే బ్లీచ్ కొనండి. అయినా క్రిములన్నీ ఒకే మొండివి కావని తెలిసి ఉండాలి. అన్నిటికంటే తేలిగ్గా చచ్చేవి కొవ్వు పొర ఉన్న వైరస్‌లు, హెచ్ఐవీ, ఇన్‌ఫ్లుయెంజా, కరోనా లాంటివి. తర్వాత మామూలు బ్యాక్టీరియా, ఫంగస్, ఆ తర్వాత కొవ్వు పొర లేని వైరస్‌లు, వాటి కంటే మొండివి టీబీ జాతి బ్యాక్టీరియా, వాటికీ పైన బ్యాసిల్లస్, క్లాస్ట్రిడియం స్పోర్లు. ప్రయాన్లు (రోగం తెచ్చే ప్రోటీన్లు) అసలు వేరే లోకం, వాటికి మామూలు ఆటోక్లేవ్ కూడా చాలదు.

70 శాతం ఆల్కహాల్ స్పోర్లను ఏమీ చేయలేదు, పొర లేని వైరస్‌ల దగ్గర కూడా తడబడుతుంది. నేల తుడవడానికి వాడే క్వాటర్నరీ అమోనియం మందులు వాసన లేకుండా హాయిగా ఉంటాయి గానీ టీబీ మీదా స్పోర్ల మీదా పనికిరావు, సబ్బు తగిలితే వాటి పని అయిపోయినట్టే. అంతెందుకు, బెంజాల్కోనియం ద్రావణాల్లోనే సూడోమోనాస్ జాతి బ్యాక్టీరియా హాయిగా పెరిగిన సందర్భాలున్నాయి. ఫినాల్ రకం మందులు టీబీ మీద పనిచేస్తాయి గానీ స్పోర్ల మీద చేయవు. గ్లుటరాల్డిహైడ్ స్పోర్లను చంపుతుంది, కానీ దాని ఆవిరి ఊపిరితిత్తులకు చెడ్డది, దాన్ని నేల మీద పోయకండి.

బ్లీచ్‌లో ఇంకేదైనా కలిపితే ఇంకా బాగా పనిచేస్తుందా?

దయచేసి ఆ ప్రయోగం చేయకండి. యాసిడ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, అమోనియా కలిస్తే క్లోరమైన్లు వస్తాయి. ఆల్కహాల్‌తో కలిపినా విషపదార్థాలు పుడతాయి. ఎక్కువమందికి తెలియనిది ఇంకొకటుంది. ఆర్ఎన్ఏ, డీఎన్ఏ తీసే కిట్లలో లైసిస్ బఫర్‌లో (కణాలను పగలగొట్టే ద్రవం) గ్వానిడిన్ అనే రసాయనం ఉంటుంది, దాని మీద బ్లీచ్ పోస్తే సైనైడ్ రకం విషవాయువులు రావచ్చు. కాబట్టి కిట్ బఫర్ ఒలికితే బ్లీచ్ ముట్టుకోవద్దు, పేపర్‌తో పీల్చేసి సబ్బునీళ్లతో తుడవండి. అందులో రోగక్రిమి శాంపిల్ కలిసి ఉంటే గ్వానిడిన్‌తో పేచీ లేని వేరే మందు ఏదో ముందే నిర్ణయించి కిట్ పెట్టె మీద రాసుకోండి.

స్పిల్ కిట్‌లో ఏముండాలి?

రెండు జతల గ్లోవ్స్, కళ్లజోడు, ఎన్95 మాస్కు, వాడి పారేసే గౌను, షూ కవర్లు, తడిని బాగా పీల్చే పేపర్ టవళ్లు బోలెడన్ని, పొడవాటి ఫోర్సెప్స్, రెండు అట్టముక్కలు, గుచ్చుకునేవి వేయడానికి గట్టి డబ్బా, ఆటోక్లేవ్ సంచులు, టేపు, "లోపలికి రావద్దు" అని పెద్దక్షరాలతో రాసిన కాగితం.

బ్లీచ్ కోసం నేను చేసే పని చెబుతాను. కలిపిన ద్రావణం కిట్‌లో పెట్టను, పాడైపోతుంది. ఒక ఖాళీ లీటరు సీసా పెట్టి దాని మీద రెండు గీతలు గీస్తాను, కింది గీత దగ్గర "బ్లీచ్ ఇక్కడి దాకా", పైగీత దగ్గర "నీళ్లు ఇక్కడి దాకా" అని రాసి, పక్కన మూత తీయని బ్లీచ్ సీసా పెడతాను. చేతులు వణుకుతున్నా గీత దాకా పోయడం ఎవరికైనా వస్తుంది. కిట్‌ని తలుపు దగ్గరో వరండాలోనో పెట్టండి. గది లోపలి మూల అలమరాలో పెడితే ఒలికినదాన్ని దాటుకుని వెళ్లి తెచ్చుకోవాలి.

## ఒలికిన మొదటి నిమిషాల్లో

ఫ్లాస్క్ చేతిలోంచి జారి పగిలింది. మొట్టమొదట ఏం చేయాలి?

ఊపిరి బిగబట్టి వెనక్కి నడవండి. పేపర్ టవల్ కోసం వంగకండి, గాజు ముక్క ఏరకండి. పక్కన ఉన్నవాళ్లకు వినపడేలా "ఒలికింది, బయటికి రండి" అని చెప్పి అందరూ వచ్చేశాక తలుపు మూసి కాగితం అంటించండి. బయటికి వచ్చాక కోటు మీద, బూట్ల మీద చిందిందేమో చూసుకోండి, చిందితే అక్కడే విప్పేయండి. చేతులు కడుక్కోండి. ఆ ల్యాబు బాధ్యత చూసేవాళ్లకు ఫోన్ చేయండి. పడిన కల్చర్ ఎక్కడికీ పోదు, గాల్లోకి లేచిన తుంపర్లే మీ ముక్కులోకి పోతాయి. అందుకని ఆ మొదటి నిమిషంలో శుభ్రం చేసేవాడి కంటే బయటికి నడిచేవాడే తెలివైనవాడు.

30 నిమిషాలు ఆగాలంటారు. అంతసేపు దేనికి?

గాజు పగిలినప్పుడు నేల మీద కనిపించే మడుగుతో పాటు కంటికి కనిపించని తుంపర్లు గాల్లోకి లేస్తాయి. వాటిలో పెద్దవి క్షణాల్లో కింద పడతాయి. 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణం మనిషి ఛాతీ ఎత్తు నుంచి నేలకు చేరడానికి నిశ్చలమైన గాలిలో దాదాపు 8 నిమిషాలు పడుతుంది. 1 మైక్రాన్ కణమైతే సగం రోజు తేలుతూనే ఉంటుంది. అలాంటి చిన్నవి కింద పడతాయని కూర్చుంటే కుదరదు, గదిలోంచి గాలితో పాటు బయటికి పోవాలి.

గంటకు 12 సార్లు గాలి మారే గదిలో 99 శాతం పోవడానికి 23 నిమిషాలు, 6 సార్లు మారే గదిలో 46 నిమిషాలు పడుతుంది. కాబట్టి 30 నిమిషాలన్నది కనీస లెక్క. గాలి సరిగా ఆడని గదైతే ఇంకా చాలాసేపు ఆగాలి. ఏసీ ఉంది కదా అనకండి, లోపలి గాలినే తిప్పే ఏసీతో ప్రయోజనం లేదు.

రెండు చుక్కలే పడ్డాయి. దీనికీ ఇంత హడావిడి కావాలా?

అక్కర్లేదు. పిపెట్ కొన నుంచి బెంచీ మీద ఒకటి రెండు చుక్కలు జారితే తుంపర్లు లేచేదేమీ ఉండదు. గ్లోవ్స్ మార్చుకుని చుక్క మీద టిష్యూ వేసి బ్లీచ్‌తో తడిపి, మందు సీసా మీద రాసిన సమయం ఆగి, తుడిచేయండి. గది ఖాళీ చేయించాలా వద్దా అన్నది మూడు విషయాలను బట్టి ఉంటుంది: ఎంత పడింది, ఎంత ఎత్తు నుంచి పడింది, అందులో ఏముంది. గాలి ద్వారా అంటుకునే క్రిమి అయితే ఒక్క మి.లీ. పడినా గది ఖాళీ చేయాల్సిందే. అనుమానంగా ఉంటే పెద్దదే అనుకోండి.

మాది ల్యాబు రకం ఈ.కోలై, రోగం తెచ్చేది కాదు. తుడిచేస్తే చాలదా?

గది ఖాళీ చేసి అరగంట బయట నిలబడే అవసరం లేదు, నిజమే. కానీ బ్లీచ్ పోయకుండా తుడవడం మాత్రం వద్దు. అందులో తరచూ యాంటీబయాటిక్‌ని తట్టుకునే ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలోని చిన్న డీఎన్ఏ చక్రం) ఉంటుంది, దాన్ని డ్రైనేజీలోకి పంపే హక్కు మనకు లేదు. ఇంకో కారణం, ప్రమాదం లేనిదాని మీదే చేయి అలవాటు పడాలి. రేపు సాల్మొనెల్లా ఒలికినప్పుడు కొత్తగా నేర్చుకుంటానంటే కుదరదు.

## శుభ్రం చేసేటప్పుడు

వరుసగా ఏం చేయాలో ఒక్కసారి చెప్పండి.

బ్లీచ్ తాజాగా కలుపుకోండి. గౌను, మాస్కు, కళ్లజోడు, రెండు జతల గ్లోవ్స్ వేసుకోండి. ఒలికిన మడుగు మీద పేపర్ టవళ్లు మెల్లగా పరవండి, విసరకండి. చుట్టూ ఒక అడుగున్నర మేర కూడా పరవండి, ఎందుకంటే చిందులు మనం అనుకున్నదాని కంటే దూరం వెళ్తాయి. ఇప్పుడు 5,000 పీపీఎం బ్లీచ్‌ని అంచు దగ్గర మొదలుపెట్టి గుండ్రంగా లోపలికి వస్తూ పేపర్లు బాగా నానేలా పోయండి. గడియారం చూసి 20 నుంచి 30 నిమిషాలు వదిలేయండి.

తర్వాత గాజు ముక్కలుంటే ఫోర్సెప్స్‌తో తీసి గట్టి డబ్బాలో వేయండి. తడి పేపర్లను అట్టముక్కలతో అంచు నుంచి మధ్యకు తోసి సంచిలో వేయండి. ఆ చోటంతా మళ్లీ ఒకసారి బ్లీచ్ పోసి, ఆగి, తుడవండి. ఆఖరున నీళ్లు. పై గ్లోవ్స్ ముందు, గౌను తర్వాత, కళ్లజోడు, మాస్కు, చివర్లో లోపలి గ్లోవ్స్ తీసి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోండి.

పేపర్ పరవకుండా బ్లీచ్ నేరుగా పోస్తే ఏమవుతుంది?

నాకు జరిగింది చెబుతాను. చేరిన కొత్తలో రాత్రంతా పెంచిన కల్చర్ ఫ్లాస్క్ నేల మీద పగిలింది. నిలబడ్డ ఎత్తు నుంచే బ్లీచ్ సీసా వంచేశాను, త్వరగా అయిపోతుందని. ఆ రోజు వేసుకున్నది నల్ల ప్యాంటు. ఇంటికి వెళ్లాక చూస్తే మోకాలి దాకా ఆవాలంత తెల్లటి మచ్చలు, పాదాల దగ్గర దట్టంగా, పైకి వెళ్లేకొద్దీ పలుచగా. అంటే పోసిన బ్లీచ్ కల్చర్‌ని ఎగజిమ్మి నా మీదే కొట్టింది. అప్పటినుంచి ఎవరైనా నేరుగా పోస్తామంటే ఆ ప్యాంటు సంగతే చెబుతాను. పేపర్ ఆ ఎగజిమ్మడాన్ని ఆపుతుంది, మందుని కూడా జారిపోకుండా పట్టి ఉంచుతుంది.

పోసిన వెంటనే తుడిచేయొచ్చా? అంతసేపు ఎందుకు నానాలి?

మందు పోయగానే క్రిమి చావదు, కొంతసేపు తడిలో ఉండాలి. ఆ సమయం మందు సీసా మీద రాసే ఉంటుంది. మధ్యలో ఆరిపోతే లెక్క ఆగిపోయినట్టే, మళ్లీ తడపాలి. ఒలికినదాంట్లో మీడియా (క్రిముల్ని, కణాల్ని పెంచే పోషక ద్రవం), సీరం, రక్తం లాంటివి ఉంటే క్లోరిన్‌లో చాలా భాగం ఆ ప్రోటీన్ల మీదే ఖర్చయిపోతుంది, క్రిముల దాకా వచ్చేది మిగిలినదే. స్పిల్‌కు ఎక్కువ గాఢత, ఎక్కువ సమయం అడిగేది అందుకే.

ఒలికినదాని మీద 70 శాతం ఆల్కహాల్ స్ప్రే చేస్తే సరిపోదా?

సరిపోదు. ఆల్కహాల్ ఒకటి రెండు నిమిషాల్లోనే ఆరిపోతుంది, మడుగులో కలిస్తే పలుచనై బలం పోతుంది. స్ప్రే చేసే విసురుకే తుంపర్లు లేస్తాయి. పక్కన బర్నర్ వెలుగుతుంటే మంట అంటుకుంటుంది కూడా. ఆల్కహాల్ ఉన్నది అప్పటికే శుభ్రంగా ఉన్న గ్లోవ్స్, బెంచీలాంటి వాటికి.

గ్లోవ్స్ ఉన్నాయిగా, గాజు ముక్కలు చేత్తో తీస్తే ఏం?

నైట్రైల్ గ్లోవ్ తడిని ఆపుతుంది, గాజుని ఆపదు. రెండు జతలేసుకున్నా ఆపదు. ఫోర్సెప్స్ లేకపోతే రెండు అట్టముక్కల మధ్య పట్టి తీయండి. చీపురుతో ఊడవకండి, దాంతో సన్న ముక్కలూ తుంపర్లూ లేస్తాయి, ఆ చీపురు మళ్లీ గదంతా తిరుగుతుంది.

మూత్రం శాంపిల్ ఒలికింది. క్లోరిన్ గుళికలు చల్లొచ్చా?

చల్లకండి. గుళికలు నేరుగా మూత్రం మీద పడితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, చిన్న గదిలో కళ్లు మండి దగ్గు ఆగదు. ముందు పేపర్‌తో పీల్చేసి సంచిలో వేసి, తర్వాత ఆ చోటుని బ్లీచ్ ద్రావణంతో తుడవండి. రక్తమైతే పేపర్ పరిచి 5,000 పీపీఎం బ్లీచ్ నేరుగా పేపర్ల మీద పోయొచ్చు.

బ్లీచ్ పోసిన చోట స్టీలుకి తుప్పు పడుతోంది. ఏం చేయాలి?

పడుతుంది. సమయం అయిపోగానే శుభ్రమైన నీళ్లతో రెండుసార్లు తుడవండి, అంతే. బ్లీచ్ తడి ఉండగానే ఆల్కహాల్‌తో తుడవకండి, మధ్యలో నీళ్లు తప్పనిసరి.

## చోటు మారితే

బయోసేఫ్టీ క్యాబినెట్ (గాలిని లోపలికి లాగి వడకట్టే పెట్టె) లోపల ఒలికింది. ఫ్యాన్ ఆపాలా?

ఆపొద్దు. తుంపర్లను మీ ముఖం వైపు రాకుండా లాగేస్తున్నది ఆ ఫ్యానే. క్యాబినెట్ నడుస్తుండగానే గ్లోవ్స్ మార్చుకుని, పేపర్ పరిచి, మందు పోసి, సమయం ఆగండి. తర్వాత పక్క గోడలు, వెనక గోడ, అద్దం లోపలివైపు, లోపల ఉన్న ప్రతి ర్యాకు, పిపెట్ కూడా తుడవాలి. ముందు జాలీలోంచి కిందికి కారిందేమో చూడండి. కారితే కింది తొట్టిలో కూడా మందు నింపి 20 నుంచి 30 నిమిషాలు ఆగాలి, చాలామంది మర్చిపోయేది ఈ తొట్టినే. తల మాత్రం లోపలికి పెట్టకండి. అంతా అయ్యాక కనీసం 10 నిమిషాలు ఫ్యాన్ ఖాళీగా నడవనివ్వండి.

సెంట్రిఫ్యూజ్‌లోంచి (ట్యూబుల్ని వేగంగా తిప్పే మెషిన్) పగిలిన చప్పుడు వచ్చింది. మూత తీసి చూడొచ్చా?

తీయకండి. నాకు అన్నిటికంటే భయం వేసేది ఇదే, ఎందుకంటే తిరుగుతున్న రోటర్ (ట్యూబులు పెట్టే భాగం) ఒక చిన్న ట్యూబుని పొగమంచులా చేసేస్తుంది. మెషిన్ ఆపి, మూత వేసే ఉంచి, 30 నిమిషాలు ఆగండి. తెరిచాక గానీ పగిలిన సంగతి తెలియకపోతే వెంటనే మళ్లీ మూసేసి అదే 30 నిమిషాలు ఆగండి. తర్వాత మాస్కు, మందపాటి గ్లోవ్స్ వేసుకుని, ముక్కల్ని ఫోర్సెప్స్‌తో తీయండి. రోటర్, బకెట్లు క్యాబినెట్‌లోకి తీసుకెళ్లి తెరవండి. అల్యూమినియం రోటర్‌ని బ్లీచ్‌లో నానబెట్టకండి, లోహం తినేసి తర్వాత ఎప్పుడో అధిక వేగంలో విరుగుతుంది. లోహాన్ని తినని మందు ఏదో రోటర్ పుస్తకంలో రాసి ఉంటుంది. మూత బిగించే రోటర్లు, సేఫ్టీ కప్పులు వాడితే ఈ గొడవంతా ఆ కప్పు వరకే ఉంటుంది.

షేకర్‌లో ఫ్లాస్క్ పగిలితే?

షేకర్ ఆపండి, తలుపు మూసే ఉంచండి, 30 నిమిషాలు. వేడిగా ఉంటుంది కాబట్టి చల్లారనివ్వండి, వేడిలో బ్లీచ్ ఆవిరి ఎక్కువ లేస్తుంది. క్లాంపుల కింద, స్ప్రింగుల సందుల్లో ఎండిపోయిన మీడియా కనిపిస్తే గోకకండి, తడిపి నానబెట్టి తుడవండి.

తుడిచాక యూవీ లైటు వేస్తే ఇంకా మంచిది కదా?

వేయండి, కానీ దాన్ని లెక్కలోకి తీసుకోకండి. 254 నానోమీటర్ల యూవీ నేరుగా తగిలిన పైపైనే పనిచేస్తుంది. నీడలో, దుమ్ము కింద, ఎండిన చుక్క లోపల ఏమీ చేయలేదు. లైటు నీలంగా వెలుగుతున్నంత మాత్రాన బలం ఉన్నట్టు కాదు, ట్యూబు పాతబడేకొద్దీ తగ్గుతుంది. వెలుగుతున్నప్పుడు గదిలో మనుషులు ఉండకూడదు.

పీసీఆర్ (డీఎన్ఏకి కాపీలు తీసే పద్ధతి) ల్యాబులో డీఎన్ఏ ఒలికింది, ఆల్కహాల్‌తో తుడిచాం. అయినా డీఎన్ఏ వేయని కంట్రోల్‌లో కూడా బ్యాండ్ (డీఎన్ఏ ఉందని చూపే గీత) వస్తోంది.

వస్తుంది మరి. ఆల్కహాల్ డీఎన్ఏని ముక్కలు చేయదు, బెంచీకి అతుక్కునేలా చేస్తుంది. డీఎన్ఏ తీసేటప్పుడు ఆల్కహాల్ పోసి తెల్లటి దారంలా తేల్చేది మనమే కదా. పదింతల నీళ్లలో కలిపిన తాజా బ్లీచ్‌తో 10 నిమిషాలు తడిపి, నీళ్లతో తుడవండి. నీళ్లతో సరిగా తుడవకపోతే మిగిలిన బ్లీచ్ మీ అసలు పీసీఆర్‌నే చెడగొడుతుంది.

## మనిషి మీద పడితే

కోటు మీద చిందింది. కడిగేస్తే సరిపోతుందా?

విప్పేయండి, చిందిన వైపు లోపలికి వచ్చేలా మడుస్తూ. సంచిలో వేసి ఆటోక్లేవ్‌కి పంపండి, ఇంటికి మాత్రం తీసుకెళ్లకండి. చర్మానికి తగిలితే సబ్బుతో బాగా కడగండి. ఒంటి మీద బ్లీచ్ రుద్దుకోకండి, చర్మం పగిలితే క్రిమికి దారి మనమే ఇచ్చినట్టవుతుంది.

కంట్లో పడితే?

ఐవాష్ (కళ్లు కడుక్కునే కుళాయి) దగ్గరికి వెళ్లి రెప్పలు వేళ్లతో తెరిచి పట్టుకుని 15 నిమిషాలు నీళ్లు పోనివ్వండి. కాంటాక్ట్ లెన్స్ ఉంటే నీళ్లు పోతుండగానే తీసేయండి. 15 నిమిషాలు చాలా ఎక్కువసేపు అనిపిస్తుంది, ఇంకొకరు పక్కన నిలబడి గడియారం చూడాలి. తర్వాత డాక్టర్ దగ్గరికి.

సూది గుచ్చుకుంది. రక్తం పిండేయాలా?

పిండకండి, నోట్లో పెట్టుకోకండి, స్పిరిట్, బ్లీచ్ పోయకండి. పారే నీళ్లలో సబ్బుతో కడిగి, కట్టు వేసుకుని, వెంటనే డాక్టర్‌ని కలవండి. శాంపిల్ ఏమిటో, అందులో ఏ క్రిమి ఉందో రాసి తీసుకెళ్లండి. హెచ్ఐవీ ఉన్న రక్తం సూదితో గుచ్చుకుంటే అంటుకునే అవకాశం సుమారు 0.3 శాతం, అంటే వెయ్యిలో మూడు. భయంతో కుప్పకూలాల్సినంత కాదు, అలాగని వదిలేయాల్సింది అసలే కాదు. నివారణ మందులు గంటల్లో మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే ఇవ్వరు. హెపటైటిస్ బి అంతకంటే చాలా తేలిగ్గా అంటుకుంటుంది, కానీ దానికి టీకా ఉంది. ల్యాబులో చేరేముందే వేయించుకోండి.

## అంతా అయ్యాక

మిగిలిన కల్చర్‌లో బ్లీచ్ పోశాను, రంగు పోయింది. సింకులో పారబోయొచ్చా?

సెల్ కల్చర్ మీడియాలోని గులాబీ రంగు క్షణాల్లో పోతుంది, అది చూసి చాలామంది మోసపోతారు. రంగు పోయిందంటే రంగు పోయిందనే అర్థం. మొత్తం పరిమాణంలో పదో వంతు బ్లీచ్ ఉండేలా పోసి 30 నిమిషాలు ఆగి, అప్పుడు నీళ్లు వదులుతూ పారబోయండి. జాడీలో ముందే బ్లీచ్ ఉంది కదా అని రోజంతా దాంట్లోనే పోస్తూ పోతే సాయంత్రానికి అది మీడియానే, బ్లీచ్ కాదు.

బ్లీచ్ పీల్చిన పేపర్లు ఆటోక్లేవ్ చేయొచ్చా?

బ్లీచ్ బాగా ఉన్న ద్రవాన్ని ఆటోక్లేవ్‌లో పెట్టకండి, క్లోరిన్ వస్తుంది, లోపలి స్టీలు పాడవుతుంది. రసాయనంతో పూర్తిగా డిస్ఇన్ఫెక్ట్ అయిన పేపర్లను మీ ల్యాబు బయోవేస్ట్ పద్ధతిలో పంపండి. ఆటోక్లేవ్ చేసే సంచులైతే మూడింట రెండు వంతులే నింపి, మూతి వదులుగా ఉంచండి. బిగించి కడితే లోపల గాలి ఇరుక్కుని ఆవిరి చేరదు, బయట 121 డిగ్రీలున్నా సంచి నడుమ అంత వేడి ఉండదు.

టేపు మీద నల్ల చారలు వచ్చాయి. అంటే అయిపోయినట్టేనా?

టేపు చెప్పేది వేడి తగిలిందని మాత్రమే, అది కూడా సంచి బయట. లోపల చచ్చాయో లేదో తెలియాలంటే జియోబ్యాసిల్లస్ స్టీరోథెర్మోఫిలస్ స్పోర్లున్న చిన్న సీసాని చెత్త మధ్యలో పెట్టి నడిపి, తర్వాత ఇన్‌క్యుబేట్ చేసి చూడాలి. క్రమం తప్పకుండా చేయాల్సిన పరీక్ష ఇది.

ఎవరూ చూడలేదు, నేనే శుభ్రం చేసేశాను. చెప్పాలా?

చెప్పండి. తిడతారనే టెన్షన్ నాకు తెలుసు, నేనూ ఒకసారి దాచాను. కానీ రెండు వారాల తర్వాత మీకు జ్వరం వస్తే డాక్టర్‌కి ఆ రోజు సంగతి తెలిసి ఉండాలి. పుస్తకంలో నాలుగు ముక్కలు చాలు: ఏమిటి, ఎంత, ఎక్కడ, ఎంతమంది ఉన్నారు, ఏ మందు ఎంతసేపు ఉంచారు. చెప్పినవాళ్లను తిట్టే ల్యాబులో తర్వాత ఎవరూ చెప్పరు, అది నడిపేవాళ్ల తప్పు.

స్పిల్ కిట్ వాడేశాం. మళ్లీ ఎప్పుడు నింపాలి?

ఇవాళే, ఇంటికి వెళ్లేముందు. ఫోర్సెప్స్ ఆటోక్లేవ్‌లో ఉంటే వేరేవి పెట్టండి. ఆ లీటరు సీసా కడిగి బోర్లించండి, మీద గీతలు చెరిగిపోతే మళ్లీ గీయండి.